అంచు లేని రొట్టె

సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంఘం మిత్రులు అడిగినప్పుడు, "నేను భౌతికశాస్త్రం వాణ్ణి, నాకు వ్రాతలేమిటి?" అని తప్పించుకోజూశాను. "అయితే ఆ భౌతికశాస్త్రమే వ్రాయి, కాకపోతే మాకు అర్థమయ్యేట్టు వ్రాయి" అన్నారు. పది మందికి అర్థమయ్యే భౌతికశాస్త్రం నాకు తెలిసింది ఒక్కటే. అది తరగతిలో నేర్చుకున్నది కాదు. 2020 ఏప్రిల్‌లో మా ఇంటి వంటగదిలో, మా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నది. విషయం రొట్టె గురించి. అధ్యాపకులు మన్నింతురు గాక.

మా ఊరు శిరివెళ్ల. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సు ఎక్కితే దారిలో తగులుతుంది. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లా. మా వైపు రొట్టె అంటే జొన్నరొట్టె. దానికి వేరే విశేషణం అక్కరలేదు. మైదాతో చేసి, ముక్కలు కోసి, కాగితంలో చుట్టి అమ్మేదాన్ని మేము రొట్టె అనం. అది 'బ్రెడ్డు'. బ్రెడ్డు ఆరోగ్యవంతుల తిండి కాదు. ఎవరి చేతిలోనైనా బ్రెడ్డు పొట్లం కనబడితే, "ఎవురికి బాగలేదు?" అని ఆపి మరీ అడుగుతారు. జ్వరం వస్తే బ్రెడ్డు, ఆస్పత్రికి చూడబోతే బ్రెడ్డు. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే ఒకవైపు ఏడుపూ, ఇంకొకవైపు పాలల్లో నానేసిన బ్రెడ్డు దొరుకుతుందన్న సంతోషమూ కలిగేవి. మీలో చాలామందికి ఇది అనుభవమే అయి ఉంటుంది.

ఇక అసలు సంగతి. నేను రెండో తరగతిలో ఉండగా, 2011లో, మా అమ్మ కువైట్ పోయింది. మాకున్న రెండెకరాల్లో నాయన మూడు బోర్లు వేయించినాడు. రెండింట్లో దుమ్ము లేచింది. మూడోది ఒక్క ఏడు నీళ్లిచ్చి ఆగిపోయింది. ఆగనిది వడ్డీ ఒక్కటే. రాయలసీమలో ఇట్లాంటి ఇళ్లకు కువైట్ అనే దారి ఒకటుంది. ఇంటిపనికి ఇచ్చే వీసాను మావాళ్లు ఖద్దామా వీసా అంటారు. ఆ పనికి గల్ఫ్ దేశాలకు పోయే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వం పెట్టిన నియమం. మా అమ్మకు సరిగ్గా ఆ యేడే ముప్పై నిండినాయి. నిండకుండా ఉంటే ఎంత బాగుండునని చాలా కాలం అనుకున్నాను. వయసు నిండకుండా ఎట్లా ఉంటుందని మీరు నవ్వవచ్చు. ఎనిమిదేళ్ల వాడి తర్కం అంతే మరి.

తొమ్మిదేళ్లలో అమ్మ మూడుసార్లు వచ్చి పోయింది. మిగతా కాలమంతా ఫోనులో కనబడే ముఖమే అమ్మ. నన్ను పెంచింది మా జేజి. అప్పు తీరింది, ఇంటికి మిద్దె పడింది, నా ఫీజులకు ఇబ్బంది రాలేదు. 2020 జనవరిలో అమ్మ ఇంక పోనని చెప్పి వచ్చేసింది. నేను అప్పుడు పదో తరగతి. ఇంట్లో ఎవరో కొత్తమనిషి తిరుగుతున్నట్టు ఉండేది. నేను టీ తాగనని ఆమెకు తెలియదు. రోజూ పొద్దున గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టేది. నేను దాన్ని అట్లాగే వదిలేసి లేచిపోయేవాణ్ణి. తాగనని ఒక్కమాట చెప్పవచ్చు. చెప్పలేదు. ఆమెకే తెలియాలని నా పంతం.

కువైట్ నుంచి వచ్చేవాళ్లు బంగారం తెస్తారు, టీవీ తెస్తారు, దుప్పట్లు తెస్తారు. మా అమ్మ తాళ్లతో కట్టిన ఒక అట్టపెట్టె మోసుకొచ్చింది. వీధిలోవాళ్లు చూడవచ్చినారు. విప్పితే లోపల ఒక కుండ! లోపల తెల్లని పింగాణీ కుండ, చుట్టూ రేకు తొడుగు, పైన గాజుమూత, ముందర తిప్పే మర ఒకటి. దాన్ని స్లో కుక్కర్ అంటారట. ఆ ఇంటి మేడమ్ కొత్తది కొనుక్కుని పాతది ఈమెకు ఇచ్చిందట. వాళ్ల ఇంట్లో రంజాన్ నెలలో గోధుమలూ మాంసమూ వేసి గంటలకొద్దీ ఉడికించే హరీస్ దాంట్లోనే వండేదట. మన హైదరాబాదు హలీముకు అది చుట్టమన్నమాట.

ప్లగ్గుకు మూడు బల్లపరుపు పుల్లలున్నాయి. మన సాకెట్టులో పట్టలేదు. నాయన దాన్ని కత్తిరించి మన ప్లగ్గు తగిలించినాడు. కువైట్‌లోనూ దాదాపు మన మాదిరే 240 వోల్టుల కరెంటు కాబట్టి సరిపోయింది. అమెరికా నుంచి తెచ్చి ఉంటే అది 120 వోల్టులది. వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. పెట్టిన నిమిషానికే పొగలు వచ్చేవి. ఈ లెక్క నేను తర్వాత చదువుకున్నాను.

మా జేజి దాని చుట్టూ తిరిగి చూసింది. "ఇది ఎంత సేపట్లో వండుతాదమ్మే?" అంది.

"ఐదారు గంటలు అత్తా."

"పొయ్యి మింద గంటలో అయ్యేదానికి ఆరు గంటలా! దీనికోసరం ఏంటికి మోసుకొస్తివి? మన పాలదాలి ఇదే గదా చేసేది!"

దాలి అంటే ఈ కాలం వాళ్లందరికీ తెలియకపోవచ్చు. నేలలో గుంట తీసి, పిడకలు పేర్చి నిప్పు వేసి, పాలకుండ దాని మీద పెట్టేవాళ్లు. మంట లేవదు, పొగ మాత్రం సన్నగా వస్తుంటుంది. పొద్దున పెట్టిన పాలు సాయంత్రం దాకా మరిగి ఎర్రబడతాయి, పొంగిపోవు. మాడిపోతాయన్న భయం లేదు గనుక ఇంటి ఆడవాళ్లు నిశ్చింతగా చేనికి పోవచ్చు. జేజి మాటకు ఆ రోజు అందరం నవ్వినాం. ఆమె సరిగ్గానే చెప్పిందని తర్వాత తెలిసింది.

ఈ యంత్రాన్ని కల్పించినవాడు అమెరికాలో స్థిరపడిన యూదు కుటుంబానికి చెందిన ఇర్వింగ్ నాక్సన్. 1936లో దరఖాస్తు పెట్టుకుంటే 1940లో ఆయనకు పేటెంటు వచ్చింది. 1970లో ఆయన వ్యాపారాన్ని రైవల్ అనే కంపెనీ కొని, మరుసటి ఏడు క్రాక్‌పాట్ అన్న పేరుతో అమ్మకానికి పెట్టింది. ఆయనకు ఈ ఊహ వచ్చింది తల్లి చెప్పిన మాటల వల్ల. ఆమె పుట్టిల్లు లిథువేనియా. యూదులు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకేదాకా నిప్పు రాజేయరు. అందుకని చిక్కుళ్లూ మాంసమూ వేసిన కుండను శుక్రవారమే తీసుకుపోయి ఊళ్లో రొట్టెలు కాల్చేవాని పొయ్యిలో పెట్టేవాళ్లు. రొట్టెల పని అయిపోయిన పొయ్యి తెల్లవార్లూ మెల్లగా చల్లారుతూ ఉంటే, ఆ మిగిలిన వేడికి కుండలోది ఉడికేది. లిథువేనియాలో తల్లి ఎరిగిన పొయ్యి అమెరికాలో కొడుకు చేతిలో యంత్రమైంది. మా జేజి దాలి ఎరుగును గనుక, ఆ యంత్రాన్ని చూడగానే గుర్తుపట్టింది.

మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్ నాటికి మన రాష్ట్రంలో కరోనా ఎక్కువగా ఉన్న జిల్లాల్లో మాదే ముందుండేది. మా పరీక్షలు వాయిదా పడినాయి, చివరికి ఆ ఏడు రద్దే అయినాయి. కిరాణా అంగడి పొద్దున కొంచెం సేపు తెరిచేవాళ్లు. నంద్యాల నుంచి రావలసిన బ్రెడ్డు రావడం మానేసింది. ఊళ్లో బేకరీ మూతబడింది.

సరిగ్గా అప్పుడే జేజికి జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో జ్వరం అన్న మాట గట్టిగా అనడానికే భయం. నాలుగు రోజులకు జ్వరం తగ్గింది గానీ తిండి పోలేదు. అన్నం నోట పెడితే చేదంటుంది. సంగటి వద్దంటుంది. జొన్నరొట్టె నమలడానికి పండ్లు లేవు. రోజురోజుకూ మంచానికి అతుక్కుపోతోంది. ఐదోనాడు నన్ను దగ్గరికి పిలిచి, "అబ్బోడా, ఒక బ్రెడ్డు ముక్క దొరుకుతాదేమో చూడు నాయనా, టీలో అద్దుకొని తింటా" అంది. నన్ను పెంచిన మనిషి నన్ను అడిగిన మొదటి కోరిక అది. నేను సైకిలేసుకుని ఊరంతా తిరిగినాను. ఎక్కడా లేదు. ఉత్తచేతులతో వచ్చి గడపలో కూర్చుంటే, అమ్మ చూసి, "మనమే చేస్తాం లే. ఈస్టు ఒక్కటి సంపాదించు" అంది.

మా వీధి చివర, బేకరీలో భట్టీ దగ్గర పనిచేసే పెద్దాయన ఒకరున్నారు. నేను మామా అని పిలుస్తాను. ఆయన అరుగు మీద దూరంగా కూర్చోబెట్టి, సంగతి విని, లోపల్నుంచి కాగితం పొట్లంలో ఖమీరు తెచ్చిచ్చినారు. సన్నగా రవ్వలాగా ఉంది. "మీ ఇంట్లో భట్టీ లేదు గదా బిడ్డా, దేంట్లో చేస్తారు?" అన్నారు. కుండ సంగతి చెప్పినాను. ఆయన నవ్వలేదు. "భట్టీలో కూడా మంట మీద కాల్చం. కట్టెలు మండించి, నిప్పులు లాగేసి, రాయి పట్టుకున్న వేడి మీద కాలుస్తాం. వేడి బాగుండేటప్పుడు రొట్టె, తగ్గినాక బిస్కట్లు, ఇంకా తగ్గినాక రస్కులు. వేడిని పారెయ్యం. మీ కుండకు వేడి తక్కువ, కాబట్టి టైం ఎక్కువ. తొందరపడి మూత తియ్యొద్దని మీ అమ్మకు చెప్పు" అన్నారు. ఉష్ణధారణ మీద ఇంతకన్నా మంచి పాఠం నేను ఇంతవరకు వినలేదు.

కొలతలు వ్రాస్తున్నాను, ఎవరికైనా పనికిరావచ్చు. మైదా 400 గ్రాములు. ఈస్టు ఒక చిన్న చెంచా, ఉప్పు ఒక చెంచా, చక్కెర రెండు చెంచాలు, నూనె రెండు చెంచాలు. వేలు పెడితే హాయిగా అనిపించే గోరువెచ్చని నీళ్లు పావు లీటరుకు ఒక గుటక ఎక్కువ. పది నిమిషాలు పిసకాలి. అమ్మ పిసుకుతుంటే చూసినాను. మణికట్టుతో ముందుకు నెట్టడం, మడవడం, తిప్పడం, మళ్లీ నెట్టడం. ఆ చేతులు ఆ పని వేలసార్లు చేసినాయని చూస్తూనే తెలుస్తోంది. ఆ వేలసార్లలో ఒక్కసారి కూడా నేను అక్కడ లేను.

కుండలో నూనె రాసిన అరిటాకు పరిచి ముద్దను పెట్టినాం. పిండి పులియడానికి వేరే గంట ఆగనక్కరలేదు. కుండ మెల్లగా వేడెక్కుతుంది కాబట్టి మొదటి అరగంటలో దాంట్లోనే పొంగుతుంది. వేడి అరవై డిగ్రీలు చేరేసరికి ఈస్టు చచ్చిపోతుంది, రొట్టె ఆకారం నిలుస్తుంది.

మొదటి రొట్టె కరెంటుకు బలి అయింది. ముక్కాలు గంట గడిచినాక కరెంటు పోయి, రెండు గంటలకు వచ్చింది. ఈస్టు చావడానికి చాలని వేడి, పెరగడానికి సరిగ్గా చాలిన వేడి! ముద్ద మూతదాకా పొంగి, అలిసిపోయి, కూలిపోయింది. మూత తీస్తే కల్లుకుండ వాసన. జేజి మంచంలోంచే, "నాకు బ్రెడ్డు అడిగితే కల్లు పోస్తాండారేంరా" అంది. ఆ వారంలో ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది.

రెండోది చివరిదాకా ఉడికింది గానీ, గాజుమూతకు పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా రొట్టె మీదే పడి, పైనంతా బంకబంకగా తయారయింది. అమ్మ నుదురు కొట్టుకుంది. "అయ్యో, మూత కింద గుడ్డ కట్టడం మరిచిపోతి! ఆడ చేసేటప్పుడు మరిచిపోయేదాన్ని కాదు" అంది. ఆడ అంటే కువైట్. నాకు ఆ మాట ముల్లులాగా గుచ్చుకుంది.

మూడోనాడు మూత కింద మడతపెట్టిన పాత నూలు పంచె గుడ్డ కట్టి, మర ఎక్కువ మీదికి తిప్పి, రెండున్నర గంటలు ముట్టుకోకుండా కూర్చున్నాం. నేను రెండుసార్లు మూతమీద చెయ్యి వేయబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. మూత తీసినప్పుడు వచ్చిన వాసన వ్రాయడం నాకు చేతకాదు. రొట్టె బాగా పొంగి, గుండ్రంగా, మెత్తగా ఉంది. అడుగూ పక్కలూ లేత గోధుమరంగు తిరిగినాయి. పైభాగం మాత్రం తెల్లగా ఉంది. బాగా ఉడకలేదేమోనని నేను భయపడ్డాను. ఉడికింది. రొట్టె నడిమికి 95 డిగ్రీలు చేరితే చాలు, ఉడికినట్టే. ఎర్రబడాలంటే మాత్రం 140 దాటాలి. తేమ ఉన్నంతసేపు వేడి నూరు దాటదు, కుండలో ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. అందుకని పైన అంచు కట్టదు. అమ్మ పెనం కాల్చి, రొట్టెను బోర్లించి రెండు నిమిషాలు ఉంచింది. పైన కూడా రంగు వచ్చింది.

ఆరినాక అమ్మ కత్తి తీసుకుని ముక్కలు కోసింది. తర్వాత ఒక్కొక్క ముక్క చుట్టూ అంచు కోసి పక్కకు పెట్టి, నడిమి తెల్లటి మెత్తని భాగం మాత్రం ఒక పళ్లెంలో జేజికీ, ఇంకొక పళ్లెంలో నాకూ పెట్టింది. ఆలోచించి చేసిన పని కాదు, చేతులకు అలవాటైన పని. ఎవరికోసం అలవాటైందో నాకు తెలుసు. ఆ ఇంటి చిన్నపిల్లవాణ్ణి ఏడాది వయసు నుంచి ఈమే పెంచింది. వాడు అంచు తినడు.

నేను పళ్లెం దూరంగా నెట్టి, "నేను ఆ కువైట్ పిల్లోన్ని కాను. నాకు అంచే ఇష్టం" అన్నాను.

తొమ్మిదేళ్ల కోపం అంత చిన్న మాటలో పడుతుందని నేను అనుకోలేదు. అమ్మ కత్తి కింద పెట్టింది. ఏడవలేదు, అరవలేదు. "నీకు అంచు ఇష్టమని నాకు ఎవురు చెప్పినార్రా?" అంది.

జవాబు నా దగ్గర లేదు. నిజమే, ఎవరు చెప్పినారు? ఫోను చేసినప్పుడల్లా "తిన్నావా?" అని అడిగేది. "తిన్నా" అని పెట్టేసేవాణ్ణి. ఏం తిన్నానో, ఏది ఇష్టమో ఆమెకు చెప్పవలసినవాణ్ణి నేనే. అలిగి కూర్చున్నదీ నేనే. టీ గ్లాసు గుర్తొచ్చింది.

మంచం మీద నుంచి జేజి కలగజేసుకుంది. "ఆ మెత్తనిదంతా ఈపక్క తేండి. పండ్లు లేనోళ్ల కోసరం చేసిన రొట్టె అది. ఆ అంచులు వాని మొగాన కొట్టు, నములుకుంటా పడుంటాడు" అంది. అని, టీలో ముంచి ఒక ముక్క తిన్నది. ఇంకొకటి అడిగింది. మూడోది కూడా తిన్నది. నాయన గడపలో నిలబడి చూస్తూ ముఖం అటు తిప్పుకున్నాడు.

నేను అంచుల వైపు చెయ్యి చాపినాను. అమ్మ కూడా చాపింది. ఇద్దరి చేతులూ ఒకే ముక్క మీద పడినాయి.

"నీకూ ఇష్టమా?" అన్నాను.

"మొదట్లో ఇష్టం లేదు. ఆ పిల్లోడు వదిలేసినవి పారేయాలంటే చెయ్యి రాలేదు. తిండి గదా. వంటింట్లో నిలబడి నేనే తింటా వస్తి. తినంగ తినంగ ఇష్టమాయె. మెత్తనిది మంచిదని నీకు పెడితి" అంది.

నేను ఆ ముక్కను సగానికి తుంచినాను. ఇంతకన్నా ఆ రోజు సంగతి నేను వ్రాయలేను. మరునాడు పొద్దున అమ్మ టీ తెచ్చినప్పుడు, "నేను టీ తాగనమ్మా" అని చెప్పినాను. "ఇన్నినాళ్లకా చెప్పేది! ఎన్ని గ్లాసులు పారబోస్తిరా!" అని తిట్టింది. ఆమె తిట్టడం నాకు ఎంతో హాయిగా అనిపించింది. కొత్తమనిషి ఎవరూ అట్లా తిట్టరు గదా.

మామకు ఒక రొట్టె కాగితంలో చుట్టి తీసుకుపోయి ఇచ్చినాను. తుంచి, నొక్కి, వాసన చూసి, "కుండలో అయింది కాబట్టి భట్టీ రంగు రాదు. అయినా రొట్టెనే" అన్నారు. వృత్తి తెలిసినవాని నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు మా అమ్మ చాలా రోజులు పొంగిపోయింది. లిథువేనియాలో ఒకప్పుడు రొట్టెల పొయ్యి కుండకు తన వేడిని అప్పిచ్చింది. శిరివెళ్లలో కుండే ఒక రొట్టెను కాల్చి ఆ బాకీ తీర్చింది. చదివినప్పుడు నాకు అట్లా తోచింది.

జేజి ఆ ఏప్రిల్‌లో లేచి తిరిగింది. ఇంకా మూడేళ్లు మాతో ఉండి, 2023లో పోయింది. చివరిదాకా ఆ యంత్రాన్ని 'కరెంటు దాలి' అనే పిలిచింది. ఇంట్లో ఇప్పటికీ ఆ పేరే.

మన హాస్టల్లో హీటర్లూ కుక్కర్లూ వాడరాదన్న నిబంధన ఉంది గనుక ఈ విద్య ఇక్కడ ప్రదర్శించలేను. వార్డెన్ గారు ఈ సంచిక చదువుతారని కూడా నాకు తెలుసు. అయినా రెండు వారాలకొకసారి మా ఊరివైపు నుంచి వచ్చేవాళ్ల చేతికి అమ్మ ఒక పొట్లం ఇచ్చి పంపుతుంది. గదిలో మిత్రులు చుట్టూ మూగి, ఎవరికి బాగలేదని అడుగుతారు. అందరికీ బాగానే ఉందని చెప్పి పొట్లం విప్పుతాను. రొట్టె మొత్తంగా ఉంటుంది, ఎక్కడా కత్తి పడి ఉండదు. అంచు ఒక్కవైపు మాత్రం వేలెడంత తుంచి ఉంటుంది. అది అమ్మ వాటా.